యువాస్కులా ఉపాధ్యాయ శిక్షణ పాఠశాల భవనాలు

మధ్య ఫిన్లాండ్‌లోని యువాస్కులా పట్టణంలో, సరస్సుకు పైన సెమినారిన్‌మాకి అనే గుట్ట మీద ఉన్న ఎర్ర ఇటుక భవనాల సముదాయమిది. ఫిన్నిష్ భాషలో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చిన తొలి సంస్థ 1863లో ఈ ఊళ్లో మొదలైంది. దాని కోసం 1879 నుంచి 1883 వరకు వాస్తుశిల్పి కాన్‌స్టాంటిన్ కిసెలెఫ్ నమూనాల ప్రకారం శాశ్వత భవనాలు కట్టారు. 1950లలో ఆ పక్కనే వాస్తుశిల్పి ఆల్వార్ ఆల్టో మరో వరస భవనాలు చేర్చాడు. నేడు రెండూ కలిసి యువాస్కులా విశ్వవిద్యాలయపు పాత ప్రాంగణం. జాతీయ ప్రాధాన్యం ఉన్న నిర్మిత సాంస్కృతిక పరిసరాలంటూ ఫిన్లాండ్ 2009లో స్థిరపరచిన జాబితాలో ఇది ఉంది.

ఇక్కడికి వచ్చే సందర్శకుల్లో ఎక్కువమంది ఆల్టో కోసమే వస్తారు. పాత భవనాల ముందు నుంచి నడిచి వెళ్తూ వాటివైపు ఓ చూపు పారేస్తారు. వాటి గోడల మీద కళ్లు జిగేల్‌మనిపించేది ఏదీ లేదు మరి. ఉపాధ్యాయ శిక్షణ పాఠశాల విలువను ముందు గోడ అందంతో కొలిస్తే ఎక్కడైనా ఇలాగే జరుగుతుంది. పాఠం చెప్పడమెలాగో నేర్పే పద్ధతి ఇక్కడి గదుల అమరికలోనే ఉంది. ఏ గది పక్కన ఏ గది వచ్చింది, పిల్లలు ఎటునుంచి వచ్చేవాళ్లు, కాబోయే పంతుళ్లు ఎక్కడ నిలబడి చూసేవాళ్లు అన్న సంగతులు తెలిస్తే తప్ప ఈ కట్టడం అర్థం కాదు.

ఎందుకు పుట్టింది

ఫిన్లాండ్ 1809 నుంచి రష్యా చక్రవర్తి ఏలుబడిలో స్వయంపాలన ఉన్న సంస్థానం. అంతకు ముందు కొన్ని శతాబ్దాలు స్వీడన్ కింద ఉండటంతో కచేరీలో, చదువుల్లో స్వీడిష్‌దే పెత్తనం. పల్లెల్లో మాట్లాడేది మాత్రం ఫిన్నిష్. పిల్లలకు చదవడం నేర్పే పని చాలావరకు ఇంటిదీ చర్చిదీ. బడి పెట్టి ఫిన్నిష్‌లో చెబుదామంటే చెప్పగల పంతుళ్లే లేరు. రెండో అలెగ్జాండర్ కాలంలో ఈ లోటు తీర్చే ప్రయత్నం మొదలైంది. ఫిన్నిష్‌కు స్వీడిష్‌తో సమాన హోదా కల్పిస్తామని ప్రకటించిన భాషా ఉత్తర్వు, యువాస్కులా శిక్షణ పాఠశాల రెండూ 1863లోనే వచ్చాయి.

ఊరి ఎంపిక కూడా ఆలోచించి చేసిందే. యువాస్కులా 1837లో పుట్టిన చిన్న పట్టణం. చుట్టూ ఫిన్నిష్ మాట్లాడే పల్లెలు. ఫిన్నిష్ మాధ్యమంలో నడిచిన తొలి ఉన్నత పాఠశాల 1858లో ఇక్కడే తెరిచారు. స్థానిక వైద్యాధికారి వోల్మర్ షిల్ట్ దాని కోసం పట్టుబట్టినవారిలో ముఖ్యుడు. రాజధాని హంగులు దొరకని చోట, పల్లెటూరి పిల్లవాడు పల్లెకే తిరిగి వెళ్లి బడి పెట్టుకునేలా చదివించాలన్నది ఉద్దేశం.

సంస్థను రూపుదిద్దినవాడు ఊనో సిగ్నేయస్ (1810–1888). లూథరన్ మతబోధకుడు. అప్పుడు రష్యా చేతిలో ఉన్న అలాస్కాలోని సిట్కాలో 1840 నుంచి ఐదేళ్లు చర్చి పని చూశాడు. తర్వాత సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఫిన్నిష్ సంఘం పాఠశాల నడిపాడు. 1858లో ప్రభుత్వం ఆయన్ను ఐరోపా బడులు చూసి రమ్మని పంపింది. స్వీడన్, జర్మనీ, స్విట్జర్లాండ్ తిరిగి, విద్యావేత్తలు పెస్టలోజీ, ఫ్రోబెల్‌ల ఆలోచనలు వంటబట్టించుకుని వచ్చాడు. 1861లో ప్రాథమిక పాఠశాలలకు ప్రధాన తనిఖీ అధికారి అయ్యాడు. 1863 నుంచి 1869 వరకు యువాస్కులా సంస్థకు తొలి సంచాలకుడు. ఫిన్నిష్ బడికి తండ్రి అని పేరుపొందిన ఈయన రాతకోతలు మాత్రం ఎక్కువగా స్వీడిష్‌లోనే సాగాయి. తత్త్వవేత్త, సెనేటర్ స్నెల్మన్‌తో ఆయనకు పొసగలేదు. మనిషిని తీర్చిదిద్దడం ఇంటి పని, బడి చెప్పాల్సింది చదువు అని స్నెల్మన్ వాదం. ఇంటి పనిలో సగం బడే చెయ్యాలి అని సిగ్నేయస్ పట్టు. సెమినారిన్‌మాకి గదుల్లో గెలిచింది సిగ్నేయస్ పట్టే.

చదువు ఎలా ఉంటే కట్టడం అలా

స్త్రీలకు, పురుషులకు వేరువేరు విభాగాలు పెట్టి, రెంటినీ ఒకే సంచాలకుడి కింద, ఒకే ప్రాంగణంలో నడపడం ఈ సంస్థ ప్రత్యేకత. ఆ రోజుల్లో ఇది చిన్న విషయం కాదు. శిక్షణకు అనుబంధంగా మోడల్ స్కూలు, చిన్నపిల్లలకు ఫ్రోబెల్ పద్ధతి బడి ఉండేవి. పుస్తకాల చదువుతో పాటు వడ్రంగం, తోటపని, కుట్టుపని, నేత, పాట, వ్యాయామం అన్నీ నేర్వాలి. చేతిపనిని వృత్తి నేర్పడానికి పెట్టలేదు సిగ్నేయస్. కన్నూ చెయ్యీ కలిసి పనిచేస్తేనే బుద్ధి వికసిస్తుందని ఆయన నమ్మకం. 1866 నాటి ప్రాథమిక పాఠశాలల ఉత్తర్వులో చేతిపని తప్పనిసరి పాఠ్యాంశమైంది. దేశమంతటికీ వర్తించేలా అలా చేసిన మొదటి దేశం ఫిన్లాండే అంటారు.

స్వీడన్‌లోని నేస్‌లో ఇదే బాటలో శిక్షణ నడుపుతున్న ఓటో సాలొమోన్ 1877లో యువాస్కులా వచ్చి సిగ్నేయస్‌ను కలిశాడు. నేస్‌లో స్లోయిడ్ పేరుతో స్థిరపడిన చేతిపని విద్య అక్కడి నుంచి చాలా దేశాలకు పాకింది. శాంతినికేతన్ నుంచి లక్ష్మీశ్వర సిన్హా నేస్ వెళ్లి స్లోయిడ్ నేర్చుకుని వచ్చారు. మన బడుల్లో ఒకప్పుడు కనబడిన క్రాఫ్టు పీరియడ్‌కు వంశవృక్షం గీస్తే ఒక కొమ్మ ఈ గుట్ట దాకా పోతుంది.

ఇన్ని పనులు ఒకేచోట సాగాలంటే ఒక పెద్ద భవనం చాలదు. మొదటి ఏళ్లలో సంస్థ ఊళ్లోని చెక్క ఇళ్లలో అద్దెకు నడిచింది. గుట్ట మీద కట్టాల్సి వచ్చేసరికి కిసెలెఫ్ ఒక్క రాజభవనం లాంటి కట్టడం ఎత్తలేదు, విడివిడి భవనాల సముదాయం వేశాడు. సున్నం పూత లేకుండా ఇటుకను ఉన్నదున్నట్టుగా బయటికి చూపించిన గోడలు, వరసగా ఎత్తైన కిటికీలు, మధ్యమధ్య వాకిళ్లు, చెట్లు. అలంకారమంటే ఇటుకను ముందుకీ వెనక్కీ జరిపి పేర్చడంలో వచ్చిన గీతలే. ప్రభుత్వ ఖజానా నుంచి వచ్చే డబ్బుకు లెక్క చెప్పాల్సిన కట్టడానికి ఆ పొదుపు తగినదే. ఖర్చు తగ్గించినా కిటికీల్లో మాత్రం కోత పెట్టలేదు. ఉత్తరాన శీతకాలం పగలు కొద్ది గంటలే. తరగతి గదికి వెలుతురే మొదటి బోధనోపకరణం.

మోడల్ స్కూలు గురించి ఇక్కడ కొంచెం ఆగాలి. శిక్షణ పాఠశాలకూ మామూలు పాఠశాలకూ తేడా అక్కడే ఉంది. కాబోయే పంతులు ముందు వెనక బెంచీ దగ్గర నిలబడి అనుభవజ్ఞుడి పాఠం చూస్తాడు. తర్వాత తన వంతు వస్తుంది. ఎదుట నిజమైన పిల్లలు, వెనక తోటి విద్యార్థులు, ఓ మూల నోటు పుస్తకంతో గురువు. పాఠం అయ్యాక అందరూ కూర్చుని ఏం బాగుంది, ఏం తప్పింది అని విప్పి చెబుతారు. మన దగ్గర క్రిటిసిజం లెసన్ అంటారే, అదే. ట్రైనింగు అయిన మాస్టార్లను అడిగితే ఆ పేరు వింటే ఇప్పటికీ గుండె దడ అంటారు. అందుకే ఇలాంటి బడిలో పిల్లల తరగతి గది మామూలు కొలతకన్నా విశాలంగా ఉండాలి, చూసేవాళ్లకు చోటుండాలి, పిల్లలు వచ్చే దారి, ట్రైనీల దారి ఒకదానికొకటి అడ్డం రాకూడదు. పాత శిక్షణ పాఠశాల ఏ దేశంలో ఉన్నా మరమ్మతుకు దిగేవాళ్లు మొదట వెతకాల్సినవి ఇవే. గోడ కూల్చి రెండు గదులు ఒకటి చేసినా, ఒకటిని రెండు చేసినా పోయేది ఈ సాక్ష్యమే.

మన దగ్గర దీనికి సాటి చెప్పాలంటే మద్రాసు సైదాపేట టీచర్స్ కాలేజీ చెప్పుకోవాలి. 1856లో ప్రభుత్వ నార్మల్ స్కూలుగా మొదలై తర్వాత సైదాపేట చేరింది. అంటే యువాస్కులా కన్నా ఏడేళ్లు పెద్దది. కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసులో ఉన్నన్నాళ్లూ ఎల్.టి. అనే ఉపాధ్యాయ శిక్షణ పట్టా కోసం తెలుగు పంతుళ్లు అక్కడికి వెళ్లేవారు. సర్వేపల్లి రాధాకృష్ణన్ కూడా మద్రాసులో ఉద్యోగంలో చేరిన కొత్తలో అక్కడ శిక్షణ పొందారు.

అక్కడ చదివినవాళ్లు

1863లో చేరిన తొలి బృందంలో మిన్నా కాంత్ (1844–1897) ఉంది. తర్వాత ఫిన్నిష్ భాషలో పెద్ద నాటక రచయిత్రి అయింది. కానీ టీచరు కాలేదు. సంస్థలో ప్రకృతి శాస్త్రం చెప్పే యోహాన్ ఫెర్డినాండ్ కాంత్‌ను 1865లో పెళ్లాడటంతో చదువు మధ్యలో ఆగిపోయింది. స్త్రీలను చేర్చుకున్న సంస్థే, పెళ్లైన స్త్రీ చదువుకు చోటు లేని కాలంలో నడిచింది. 1879లో భర్త పోయాక ఏడుగురు పిల్లలతో కువోపియో వెళ్లి తండ్రి దుకాణం నడుపుతూ రాసింది. 1885 నాటి ‘కూలివాడి భార్య’ నాటకంలో భార్య సంపాదన మీద భర్తకే హక్కు అనే చట్టాన్ని నిలదీసింది. ఆమె పుట్టినరోజు మార్చి 19న ఇప్పుడు ఫిన్లాండ్‌లో జెండా ఎగరేస్తారు. ఆమె చదివిన రోజులకు ఈ ఇటుక భవనాలు లేవన్నది నిజమే. అయినా గుట్ట కథ చెప్పేటప్పుడు ఆమెను వదిలేస్తే, స్త్రీలకు తలుపు తెరిచిన సంస్థ అన్న పొగడ్త ఒక్కటే మిగులుతుంది, ఆ తలుపు ఎంతవరకు తెరుచుకుందో తెలియదు.

సంగీత బోధకుడు ఎరిక్ ఆగస్ట్ హాగ్‌ఫోర్స్ విద్యార్థులతో బృందగానాలు నడిపాడు. ఫిన్లాండ్‌లో తొలి సామూహిక గానోత్సవం 1884లో యువాస్కులాలోనే జరిగింది. టీచరు అన్నాక నాలుగు గొంతుల్లో పాడించగలగాలి, హార్మోనియం మెట్లు తెలియాలి. ఆ పాటలు పల్లె బడులకు చేరాయి. పాత ప్రధాన భవనం సెమినారియంలోని ఉత్సవశాల ఇప్పటికీ నిలిచి ఉంది. పిహెచ్.డి. పరిశోధకులు తమ సిద్ధాంత గ్రంథాన్ని బహిరంగంగా సమర్థించుకునే సభలు అందులో జరుగుతుంటాయి. ఎవరైనా లోపలికి వచ్చి కూర్చోవచ్చు.

యువాస్కులా తర్వాత ఒక్కొక్కటిగా వేరే సంస్థలు వచ్చాయి. స్వీడిష్ మాట్లాడే స్త్రీలకు తమ్మిసారిలో 1871లో, పురుషులకు ఉసికార్లెపులో 1873లో, లడోగా సరస్సు ఒడ్డున సోర్తవలాలో 1880లో, రౌమా, రాహేలలో 1896లో. వీటిలో సోర్తవలాది వేరే విషాదం. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఆ ఊరు సోవియట్ యూనియన్‌కు పోయింది. ఊరు వదిలి వచ్చినవాళ్లకు ఆ భవనం సరిహద్దుకు అవతల ఉండిపోయింది.

ఇటుకకు ఇటుక జవాబు

శతాబ్దం మారేనాటికి గుట్ట మీద మరికొన్ని భవనాలు చేరాయి. 1905 నాటి విల్లా రానా వాటిలో చూడదగినది. దాన్ని గీసిన యిర్యో బ్లోమ్‌స్టెట్ అదే సంస్థలో డ్రాయింగ్ చెప్పేవాడు. కరేలియా పల్లె ఇళ్ల మీద తోటి వాస్తుశిల్పితో కలిసి పుస్తకం తెచ్చినవాడు కూడా. ఆయన కొడుకులు పౌలి, ఔలిస్ ఇద్దరూ పేరున్న వాస్తుశిల్పులయ్యారు. డ్రాయింగ్ మాస్టారి ఇంట పెరిగిన పిల్లలకు అది సహజమే అనుకోవాలి.

ఆల్టో కూడా ఈ ఊళ్లో పెరిగినవాడే. 1898లో పుట్టాడు. ఐదేళ్లప్పుడు కుటుంబం యువాస్కులా వచ్చింది. ఇక్కడి ఉన్నత పాఠశాలలోనే చదివి, 1923లో మొదటి ఆఫీసు కూడా ఇక్కడే తెరిచాడు. అప్పటికి శిక్షణ పాఠశాలకు రోజులు మారుతున్నాయి. 1934లో దాన్ని బోధనా కళాశాల స్థాయికి పెంచారు, పాత సంస్థ 1937లో ముగిసింది. యుద్ధానంతరం విద్యార్థులు పెరగడంతో 1951లో ప్రాంగణ విస్తరణకు పోటీ పెట్టారు. ఆల్టో ‘ఉర్బ్స్’ అనే మారుపేరుతో పంపిన ప్రణాళిక గెలిచింది.

అప్పటికి అమెరికాలో ఎం.ఐ.టి.లో పాఠాలు చెప్పి, అక్కడ ఎర్ర ఇటుకతో బేకర్ హౌస్ వసతిగృహం కట్టి వచ్చాడు. యువాస్కులా పక్కనే సైనాత్సాలో పురపాలక భవనాన్నీ ఇటుకతోనే కడుతున్నాడు. ఆ వెంటనే దగ్గరలోని మూరాత్సాలో ద్వీపంలో తన వేసవి ఇంటి గోడల మీద ఇటుకలను రకరకాలుగా పేర్చి పరీక్షించాడు. అయితే సెమినారిన్‌మాకిలో ఇటుక ఎంచుకోవడం ఈ మోజు ఒక్కదానివల్లే అనిపించదు. పాత భవనాల రంగుకు కొత్త భవనాలు జవాబు చెబుతున్నట్టు ఉంటాయి. ప్రణాళిక గుర్రపు నాడా ఆకారం. మధ్యలో ఆటస్థలం, చెట్లు; చుట్టూ ప్రధాన భవనం, గ్రంథాలయం, అభ్యాస పాఠశాల, వ్యాయామశాల, భోజనశాల. వాహనాలు బయటే ఆగాలి, లోపలంతా నడకే. 1954 నుంచి ఒక్కొక్కటీ పూర్తవుతూ వచ్చాయి. ఉపన్యాస మందిరాలతో పాటు పిల్లల బడికీ, శరీర వ్యాయామానికీ సమాన చోటిచ్చిన ఆ జాబితా చూస్తే, సిగ్నేయస్ ఇచ్చిన పాఠ్యప్రణాళికనే ఆల్టో వేరే రేఖల్లో గీశాడని తెలుస్తుంది. ఆల్టోను పొగిడే పుస్తకాలు ఈ వరుసను ఒక వాక్యంలో తేల్చేస్తాయి. నా దృష్టిలో ప్రాంగణానికి అసలు బలం అదే.

కళాశాల 1966లో విశ్వవిద్యాలయమైంది. ఆల్టో ఆఫీసులో పనిచేసిన ఆర్తో సిపినెన్ 1970లలో పెద్ద గ్రంథాలయం కట్టాడు. దాన్ని బాగుచేసి 2021లో మళ్లీ తెరిచారు. 1979 నుంచి ఫిన్లాండ్‌లో ప్రాథమిక తరగతులకు చెప్పే టీచరుకు కూడా మాస్టర్స్ డిగ్రీ తప్పనిసరి. ఆ డిగ్రీ ఇచ్చే విద్యాశాస్త్ర విభాగాల్లో యువాస్కులాది ఒకటి. అభ్యాస పాఠశాల ప్రాంగణానికి ఆనుకునే నడుస్తోంది.

విలువను తూచడం

ఆస్ట్రియా కళాచరిత్రకారుడు ఆలోయిస్ రీగ్ల్ 1903లో పాత కట్టడాల విలువను పాయలుగా విడదీశాడు. కట్టడం మీద కాలం వేసిన గుర్తుల వల్ల వచ్చే ప్రాచీనతా విలువ ఒకటి, ఫలానా కాలానికి సాక్ష్యంగా నిలిచే చారిత్రక విలువ ఒకటి, నేటి అవసరానికి పనికొచ్చే వాడకపు విలువ ఒకటి. ఇవి ఒకదానితో ఒకటి కొట్టుకుంటాయని కూడా ఆయనే అన్నాడు. పాడుబడిన కోటలో మొదటిది గెలుస్తుంది. శిక్షణ పాఠశాలలో అలా కుదరదు. ఇక్కడ చారిత్రక విలువలో పెద్ద భాగం వాడకంలోనే ఉంది. టీచర్లను తయారుచేసే పని ఆగిపోయి, భవనం హోటలో, కార్యాలయమో అయితే గోడలు నిలుస్తాయి, సాక్ష్యం బలహీనపడుతుంది. నూటఅరవై ఏళ్లకు పైగా ఒకే ఊళ్లో ఒకే పని సాగడం ఏ స్తంభం, ఏ కమాను ఇవ్వలేని విలువ.

ప్రపంచ వారసత్వ జాబితా కోసం ఫిన్లాండ్ ముందుకు తెచ్చిన 13 ఆల్టో నిర్మాణాల్లో ఈ ప్రాంగణం కూడా ఉంది. సంతోషించదగ్గదే. కాకపోతే ఒక వాస్తుశిల్పి పేరు మీద వచ్చే గుర్తింపు ఆయన కట్టినవాటి మీదే వెలుగు పడేస్తుంది. కిసెలెఫ్ భవనాలు ఆల్టో బొమ్మకు వెనక తెరగా మిగిలిపోయే ప్రమాదం ఉంది.

నిలబెట్టుకోవడం

ఇటుక భవనానికి చలిదేశంలో శత్రువు నీరు. గోడలోకి దిగిన చెమ్మ గడ్డకట్టి ఉబ్బుతుంది, కరుగుతుంది, మళ్లీ గడ్డకడుతుంది. శీతకాలం పొడవునా ఇదే వరస. మెత్తని సున్నపు మోర్టారు ఉంటే చెమ్మ అతుకుల గుండా బయటికి పోతుంది, దెబ్బతినేది అతుకే; దాన్ని తోడి మళ్లీ నింపుకోవచ్చు. గట్టి సిమెంటుతో అతుకులు పూస్తే దారి మూసుకుపోయి చెమ్మ ఇటుకలో చిక్కుకుంటుంది, ఇటుక ముఖం పెచ్చులుగా ఊడుతుంది. బాగుచేశామనుకున్న చోటే పాడవడం ఇలాగే. కిటికీలదీ ఇదే కథ. ఆ ప్రాంతంలో పాత పద్ధతి జంట చట్రాలు, ఒకటి లోపల, ఒకటి బయట, మధ్యలో గాలి. చట్రం పుచ్చితే ఆ ముక్క వరకు కోసి కొత్త కర్ర అతకవచ్చు. మొత్తం పీకి కొత్త రకం గాజు బిగిస్తే వేడి కొంత మిగలొచ్చు, కానీ అద్దంలో పాత గాజుకు ఉండే చిన్న అల, చట్రపు సన్నదనం పోతాయి, గోడ ముఖమే మారిపోతుంది.

గాలి ఆడటం ఇంకో తలనొప్పి. పొయ్యిలూ పొగగొట్టాలూ ఉన్న కాలంలో గాలి వాటంతట అదే కదిలేది. రేడియేటర్లు వచ్చి, సందులన్నీ మూసి, గదికి రెట్టింపు మంది కూర్చుంటే గాలి బిగుసుకుపోతుంది. యంత్రాలతో గాలి ఆడించాలంటే పెద్ద గొట్టాలు కావాలి, వాటికి పైకప్పు కింద చోటు కావాలి. ఎత్తైన తరగతి గదికి దొంగకప్పు వేసి దాచేస్తే కిటికీ తల తెగిపోతుంది.

డబ్బు సంగతి దీనికి ముడిపడి ఉంది. 2010 ప్రాంతం నుంచి ఫిన్లాండ్ విశ్వవిద్యాలయాలు తాముండే భవనాలకు అద్దెదారులు. హెల్సింకి ప్రాంతం బయటి ప్రాంగణాల ఆస్తి, విశ్వవిద్యాలయాలకూ రాజ్యానికీ వాటాలున్న ఒక కంపెనీది. చదరపు మీటరుకు అద్దె కట్టే సంస్థ ఎప్పుడూ చదరపు మీటర్లు తగ్గించుకోవాలనే చూస్తుంది. అలాంటి లెక్కలో ఎత్తైన పైకప్పు, వెడల్పాటి నడవ, చూసేవాళ్ల కోసం వదిలిన ఖాళీ అన్నీ వృథాగానే కనబడతాయి. కొత్త అవసరానికి గది చాలకపోతే ముందు ఖాళీ అయ్యేది పాత భవనమే. దానికి మళ్లీ బోధనకు సంబంధించిన పనే అప్పగించాలా, ఊరి సంఘాలకు ఇవ్వాలా అన్నది ఒక్కో భవనానికి విడిగా తేల్చుకోవాల్సిందే. ఏ గది ఏ పాఠానికి కట్టిందో రాసిపెట్టుకున్న నివేదిక ముందుంటే ఆ నిర్ణయం తేలికవుతుంది. లేకపోతే మిగిలేది అద్దె లెక్క ఒక్కటే.